వేడెక్కే ల్యాప్‌టాప్‌కు స్టాండా, కూలింగ్ ప్యాడా? భివండి సాంచెల ఇళ్ల కోసం ఒక వివరణ

మహారాష్ట్రలోని ఠాణే జిల్లాకు చెందిన భివండి పట్టణం మరమగ్గాలకు ప్రసిద్ధి. కరీంనగర్, నల్గొండ, వరంగల్, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి బతుకుదెరువు కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడి పద్మానగర్, కామత్‌ఘర్ వంటి వాడలలో స్థిరపడి ఉన్నాయి. మన సరిహద్దు గ్రామాలలోనూ భివండిలో అన్నో, మేనమామో, అల్లుడో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ సాంచెల మీద పనిచేసే తండ్రి తన కొడుకు లేదా కూతురు చదువు కోసం పైసా పైసా కూడబెట్టి ల్యాప్‌టాప్ కొనిస్తాడు. ఇంటిల్లిపాదికీ అదొక్కటే యంత్రం. పరీక్షల దరఖాస్తులు, ఉపకార వేతనాల పత్రాలు, ఆన్‌లైన్ పాఠాలు, ఉద్యోగ ప్రయత్నాలు అన్నీ దాని మీదే సాగాలి. అటువంటి యంత్రం ఏడాది తిరగకముందే పెనంలా కాలుతూ, నత్తలా నడుస్తూ ఉంటే ఆ కుటుంబానికి కలిగే ఆందోళన చిన్నది కాదు.

వెంటనే అంగడికి వెళ్లి ఫ్యాన్లున్న కూలింగ్ ప్యాడ్ కొనడం సాధారణంగా జరిగే పని. అయితే నూలు దుమ్ము ఎగిరే ఊరిలో ఆ ప్యాడే కొన్నిసార్లు జబ్బును ముదిరేలా చేస్తుంది. ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి, అసలు కొనవలసిన అవసరమే లేని సందర్భం ఏది అన్న సంగతులను పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

వేడి ఎక్కడ పుడుతుంది? ఎలా బయటకు పోతుంది?

ల్యాప్‌టాప్ వాడుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. చదువుకు, ఆఫీసు పనికి వాడే సన్నని ల్యాప్‌టాప్‌లలోని ప్రాసెసర్లు ఎక్కువగా 15 వాట్ల తరగతికి చెందుతాయి. పాత రోజుల జీరో బల్బు కూడా ఇంచుమించు అంతే విద్యుత్తు తీసుకునేది. ఆటలకు, వీడియో ఎడిటింగ్‌కు వాడే బరువైన ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ ఒక్కటే 45 వాట్ల తరగతికి చెందినదై ఉంటుంది. దానికి గ్రాఫిక్స్ చిప్ వేడి అదనం.

ఈ వేడిని ఒక రాగి గొట్టం అందుకుని, పలుచని లోహపు రెక్కల వరకు మోసుకువస్తుంది. లోపలి చిన్న ఫ్యాన్ సాధారణంగా అడుగున ఉన్న సన్నని చీలికల నుండి గాలిని పీల్చి, ఆ రెక్కల సందుల గుండా పక్కకో వెనుకకో నెడుతుంది. ఆ రెక్కల మధ్య సందు చాలా ఇరుకు. గాలి దారి ఎక్కడ మూసుకుపోయినా వేడి లోపలే నిలిచిపోతుంది.

ప్రాసెసర్ ఉష్ణోగ్రత హద్దుకు చేరినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి వేగాన్ని తగ్గించుకుంటుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు ఆ హద్దు 95 నుండి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మధ్యాహ్నం వేళ యంత్రం నెమ్మదిస్తే ‘వైరస్ వచ్చింది’, ‘పాతదైపోయింది’ అని చాలామంది అనుకుంటారు. అనేక సందర్భాలలో అసలు కారణం ఈ వేడే.

మరొక ముఖ్య విషయం. కూలింగ్ ప్యాడ్ గాలిని కదిలిస్తుందే తప్ప చల్లబరచదు. గదిలో 38 డిగ్రీల వేడి ఉంటే ప్యాడ్ ఊదేది కూడా 38 డిగ్రీల గాలినే. ఆపిల్ వంటి సంస్థలు తమ ల్యాప్‌టాప్‌లను 10 నుండి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని సూచిస్తున్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఈ హద్దు దాటడం కష్టమేమీ కాదు. అటువంటి గదిలో బరువైన పనులను తెల్లవారుజామునో, రాత్రి పొద్దుపోయాకనో చేసుకోవడం ఏ ప్యాడ్ కన్నా మేలైన ఉపాయం.

సాంచెల ఊరిలో అదనపు చిక్కు

నేత సాగుతున్నంత సేపూ పడుగు పోగులు ఒరుసుకుని దూది నలుసులు లేస్తాయి. పోగులు తెగకుండా పట్టించిన గంజి కూడా ఎండి, పొడిగా రాలుతుంది. ఈ రెండూ కలిసిన దుమ్ము కార్ఖానా గోడలతో ఆగదు. పక్కింటి కిటికీలోకి, మిద్దె మీది గదిలోకి, పనివాళ్ల బట్టల వెంట ఇంటిలోకి వస్తుంది. సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న ప్రాంతం కావడంతో గాలిలో తేమ కూడా ఎక్కువ. తేమ తగిలిన నూలు దుమ్ము రెక్కల సందులలో కంబళి ముక్కలా అట్టకడుతుంది. మామూలు మట్టి దుమ్ము కొంతవరకు గాలితో బయటకు పోతుంది కానీ ఇది అంత సులభంగా పోదు.

ఇక్కడే కూలింగ్ ప్యాడ్ సంగతి జాగ్రత్తగా ఆలోచించాలి. ప్యాడ్ ఫ్యాన్లు తమ కిందినుండి గాలిని లాగి పైకి ఊదుతాయి. ప్యాడ్‌ను నేల మీద, చాప మీద, పరుపు మీద పెడితే ఆ ఫ్యాన్లకు దొరికేది నేలకు అంటి ఉన్న నూలు దుమ్మే. దాన్ని అవి నేరుగా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న చీలికలలోకి ఎక్కిస్తాయి. మొదటి వారం చల్లగా అనిపించిన యంత్రం నాలుగైదు నెలలకు మునుపటికన్నా ఎక్కువగా కాలడం వెనుక ఉన్న రహస్యం ఇదే కావచ్చు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. మామూలు ఊళ్లలో ల్యాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా అరవడం మొదలుపెడితే ఇంటివారు ‘ఏదో అయింది’ అని గ్రహిస్తారు. సాంచెల చప్పుడు రాత్రింబవళ్లు వినిపించే వాడలో ఆ హెచ్చరిక చెవికి సోకదు. కాబట్టి చెవిని కాక చేతిని నమ్ముకోవాలి.

కొనే ముందు చేయవలసిన పరీక్ష

ఖర్చు లేని ఈ పరీక్షకు అరగంట చాలు. ల్యాప్‌టాప్‌ను గట్టి బల్ల మీద పెట్టి, పది నిమిషాలు వీడియో నడపండి. తరువాత గాలి బయటకు వచ్చే పక్క చీలికల దగ్గర అరచేతిని పెట్టి చూడండి.

గాలి బలంగా, వేడిగా వస్తుంటే లోపలి దారి బాగానే ఉన్నట్టు. వేడి తన దారిన తాను పోతున్నది. ఇటువంటి యంత్రానికి స్టాండ్ సరిపోతుంది. పని బరువైనదైతే ప్యాడ్ కూడా ఉపయోగపడుతుంది.

గాలి నీరసంగా వస్తూ, అడుగుభాగం మాత్రం కాలిపోతుంటే లోపల దుమ్ము అట్టకట్టిందని అనుమానించాలి. ముందు శుభ్రం చేయించాలి. ప్యాడ్ కొనడం ఆ తరువాతి మాట.

అడుగు కాలుతున్నా గాలే రాకపోతే లోపలి ఫ్యాన్ ఆగిపోయి ఉండవచ్చు. వెంటనే పని ఆపి మెకానిక్‌కు చూపించాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు అసలు ఫ్యానే ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. 2020లో వచ్చిన ఎం1 చిప్ మాక్‌బుక్ ఎయిర్ అటువంటిదే. చవకైన క్రోమ్‌బుక్‌లలోనూ ఇటువంటివి ఉన్నాయి. మీ యంత్రం ఏ రకమో కొన్నచోట అడిగి తెలుసుకోండి.

రెండవ పరీక్ష. ల్యాప్‌టాప్ వెనుక భాగం కింద రెండు చెక్క ముక్కలు పెట్టి రెండు అంగుళాల ఎత్తు లేపండి. చీలికలకు అడ్డం రాకుండా చూసుకోండి. కండెల వంటి గుండ్రటివి దొర్లిపోతాయి కనుక వాడవద్దు. మూడు రోజులు ఇలా వాడినప్పుడు వేడి తగ్గినట్టు తెలిస్తే మీకు కావలసింది స్టాండ్ మాత్రమే. కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రాం ఉంటే డిగ్రీలలోనే తేడా చూసుకోవచ్చు.

టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ పనీ చేయనప్పుడు కూడా ప్రాసెసర్ సగానికి పైగా వాడుకలో ఉన్నదేమో చూడటం మంచిది. అలా ఉంటే వెనుక ఏదో అనవసరపు ప్రోగ్రాం నడుస్తున్నదని అర్థం. దాన్ని ఆపితే వేడి దానంతట అదే తగ్గుతుంది.

స్టాండ్ ఎంచుకునే పద్ధతి

చదువుకు, టైపింగ్‌కు, ఆన్‌లైన్ తరగతులకు వాడే 15 వాట్ల తరగతి ల్యాప్‌టాప్‌కు స్టాండే సరైనది. ఇందులో కదిలే భాగం లేదు, కరెంటు అక్కరలేదు, దుమ్మును ఊదదు. కొన్ని వందల రూపాయలలో దొరుకుతుంది. కొనేటప్పుడు ఈ కింది అంశాలను చూడాలి.

అడుగు తెరిచి ఉండాలి. మధ్యలో పలక మూసి ఉన్న స్టాండ్ ల్యాప్‌టాప్ చీలికలను మూసివేస్తుంది. రెండు పట్టీల మీద నిలిపేది, లేదా నడుమ పెద్ద ఖాళీ ఉన్నది మేలు.

కుదురుగా ఉండాలి. అంగడిలోనే ల్యాప్‌టాప్‌ను దాని మీద పెట్టి రెండు చేతులతో టైపు చేసి చూడండి. ఊగితే వద్దు. సాంచెల అదురు నేల వరకు వచ్చే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆనే చోట రబ్బరు ముక్కలు తప్పక ఉండాలి.

కొలత సరిపోవాలి. 14, 15.6, 17.3 అంగుళాల తెరలున్న యంత్రాలకు వేర్వేరు వెడల్పు కావాలి. తెర కొలతను మూల నుండి మూలకు కొలుస్తారన్న సంగతి మరువవద్దు.

ఎత్తు అవసరానికి తగినంత ఉండాలి. తెరను కంటి ఎత్తుకు లేపే స్టాండ్ మెడకు మంచిదే కానీ అంత ఎత్తులో కీబోర్డు మీద రాస్తే మణికట్లు నొప్పి పెడతాయి. అటువంటి స్టాండ్ కొంటే విడి కీబోర్డు, మౌస్ కూడా కొనవలసి ఉంటుంది. ఆ ఖర్చు వద్దనుకుంటే వెనుక భాగం రెండు మూడు అంగుళాలు లేచే వాలు స్టాండ్ చాలు.

అల్యూమినియం స్టాండ్ వేడిని లాగేస్తుందని అమ్మేవారు చెబుతారు. ల్యాప్‌టాప్ రబ్బరు కాళ్ల మీద నిలుస్తుంది గనుక లోహానికి తగిలే చోటు తక్కువ. అల్యూమినియంలోని అసలు లాభం గట్టిదనం, తుప్పు పట్టకపోవడం. తేమ గల భివండిలో చవక ఇనుప స్టాండ్ కన్నా అది మన్నుతుంది.

కూలింగ్ ప్యాడ్ ఎవరికి? ఎటువంటిది?

ఆటలు, వీడియో ఎడిటింగ్, బట్టల డిజైన్ల వంటి పనులతో గంటల తరబడి నడిచే 45 వాట్ల తరగతి యంత్రాలకు ప్యాడ్ ఉపయోగపడుతుంది. లోపల శుభ్రంగా ఉన్న యంత్రానికి కూడా అది తగ్గించేది మామూలుగా కొద్ది డిగ్రీలే. సాధారణ ప్యాడ్లు కొన్ని వందల నుండి రెండు వేల రూపాయల వరకు ఉంటాయి. ఎంపికలో గమనించవలసినవి ఇవి.

మొదట ల్యాప్‌టాప్‌ను ఆపి, తిరగేసి చూడండి. గాలి పీల్చే చీలికలు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుని అంగడికి తీసుకువెళ్లండి. ప్యాడ్ ఫ్యాన్లు సరిగ్గా ఆ చీలికల కిందకు రావాలి. అడుగున చీలికలే లేని యంత్రానికి ప్యాడ్ వల్ల కలిగే లాభం స్వల్పం.

ఫ్యాన్ గాలి పైకి ఊదుతున్నదా, కిందికి లాగుతున్నదా అని పలుచని కాగితం పెట్టి పరీక్షించండి. అడుగు నుండి పీల్చే ల్యాప్‌టాప్‌కు పైకి ఊదే ప్యాడ్ కావాలి. కిందికి లాగే ప్యాడ్ పెడితే రెండు ఫ్యాన్లూ ఒకే గాలి కోసం కొట్లాడతాయి.

ఫ్యాన్ల సంఖ్య చూసి మోసపోవద్దు. చీలికల కింద నెమ్మదిగా తిరిగే ఒక పెద్ద ఫ్యాన్, ఎక్కడెక్కడో గోల చేసే ఐదు చిన్న ఫ్యాన్ల కన్నా మేలు. రంగు దీపాలు చల్లదనాన్ని ఇవ్వవు.

విద్యుత్తు లెక్క కూడా చూసుకోవాలి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు ఇస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్ల వరకు ఇస్తుంది. ప్యాడ్ పెట్టె మీద ఇంతకు మించి రాసి ఉంటే దానికి విడి అడాప్టర్ వాడాలి. కరెంటు పోయినప్పుడు ప్యాడ్ కూడా ల్యాప్‌టాప్ బ్యాటరీనే తింటుంది కనుక ఆ సమయంలో దాన్ని ఆపివేయండి.

సాంచెల ఇళ్లవారు పాటించవలసిన నియమం మరొకటి ఉంది. ప్యాడ్‌ను ఎన్నడూ నేల మీద వాడవద్దు. బల్ల ఎత్తులో, కిటికీకి దూరంగా, రోజూ తడిగుడ్డతో తుడిచిన చోట పెట్టాలి. ప్యాడ్ అడుగున దోమతెర గుడ్డ ముక్కను టేపుతో అంటించి, వారానికొకసారి తీసి ఉతికి ఆరబెట్టి మళ్లీ అంటించండి. గాలి కొంచెం తగ్గినా దూది ఆ తెర మీదే ఆగుతుంది. ఈ తెరను ల్యాప్‌టాప్ చీలికలకు మాత్రం అంటించకూడదు. ఉతకడం మరిచిపోయే ఇంటిలో ప్యాడ్ కన్నా స్టాండే క్షేమం.

పక్క చీలికకు తగిలించి వేడి గాలిని బయటకు లాగే పరికరాలు కూడా అమ్మకానికి ఉన్నాయి. అవి చీలిక కొలతకు సరిగ్గా అతికితేనే పనిచేస్తాయి. సందు మిగిలితే బయటి గాలినే లాగుతూ కూర్చుంటాయి. ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లు తమ లోహపు ఒంటి గుండానే వేడిని వదులుతాయి కనుక వాటికి అడుగు తెరిచి ఉన్న స్టాండ్ చాలు.

శుభ్రం చేయడం

పైపై దుమ్మును ఇంటిలోనే తీయవచ్చు. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, మెత్తటి పొడి బ్రష్‌తో చీలికలను నెలకొకసారి తుడవండి. సైకిల్ షాపులోని కంప్రెసర్ గాలిని మాత్రం కొట్టించవద్దు. ఆ గాలిలో తేమ, నూనె తుంపరలు ఉండవచ్చు. ఒత్తిడికి లోపలి ఫ్యాన్ విపరీతమైన వేగంతో తిరిగి పాడవుతుంది.

అట్టకట్టిన దూది రావాలంటే అడుగు మూత విప్పాలి. తెలిసిన మెకానిక్ చేత సాంచెల వాడలలో ఏడాదికి రెండుసార్లు ఈ పని చేయించడం మంచిది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి ఉంటే అదీ మార్పించండి. వారంటీ ఉన్న యంత్రమైతే విప్పే ముందు కంపెనీ సర్వీసు కేంద్రాన్ని అడగాలి. యంత్రం నడుస్తుండగా దాని మీద గుడ్డ కప్పవద్దు. ఆపి చల్లారిన తరువాత కప్పితే దుమ్ము నుండి రక్షణ దొరుకుతుంది.

ఒడి, పరుపు, బ్యాటరీ: మూడు హెచ్చరికలు

ఒక గదిలోనే నలుగురూ ఉండే ఇంటిలో పిల్లలు ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకోవడం సహజం. 2010లో ‘పీడియాట్రిక్స్’ అనే వైద్య పత్రికలో స్విట్జర్లాండ్ వైద్యులు 12 ఏళ్ల బాలుడి ఉదంతాన్ని ప్రచురించారు. ఆ బాలుడు కొన్ని నెలల పాటు రోజూ గంటల తరబడి ల్యాప్‌టాప్‌ను తొడల మీద పెట్టుకుని ఆటలాడాడు. యంత్రంలో వేడెక్కే ఎడమ వైపు ఆనిన ఎడమ తొడ మీద చర్మం వల అల్లినట్టు మచ్చలు పడింది. కాలిందని తెలియనంతటి వేడి కూడా రోజూ తగిలితే చర్మానికి హాని చేస్తుందని దీని సారాంశం. ఒడిలో తప్పనిసరైతే గట్టి చెక్క పలక అడ్డం పెట్టుకోవాలి. దిండు, పరుపు, దుప్పటి మీద పెడితే చీలికలు మూసుకుపోతాయి. చార్జర్ ఇటుకను కూడా పరుపు కింద దాచకూడదు.

వేడి లిథియం బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. ఎప్పుడూ చార్జర్‌కు తగిలించే వాడేవారు, తమ యంత్రంలో ఆ సదుపాయం ఉంటే, చార్జింగును 80 శాతం దగ్గర ఆపేలా అమర్చుకోవడం మంచిది. టచ్‌ప్యాడ్ ఉబ్బినా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, చదునైన బల్ల మీద యంత్రం ఊగినా బ్యాటరీ ఉబ్బినట్టు అనుమానించాలి. అప్పుడు ప్యాడ్, స్టాండ్ ఏవీ పనికిరావు. చార్జింగ్ ఆపి, యంత్రాన్ని కట్టివేసి, సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి. దాన్ని నొక్కడం, పొడవడం ప్రాణాపాయం. బ్యాటరీ ప్రమాదం ఊహాజనితం కాదనడానికి నిదర్శనం 2006 ఆగస్టులో డెల్ కంపెనీ నిప్పంటుకునే ప్రమాదం ఉన్నదని సుమారు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలవడం.

సెలవులకు ఊరికి వచ్చినప్పుడు

పండుగకో, పెళ్లికో భివండి నుండి వచ్చే పిల్లలు ల్యాప్‌టాప్‌ను వెంట తెస్తారు. మన గ్రామాలలో పత్తి ఏరిన తరువాత ధర వచ్చే దాకా ఇంటి గదులలోనే కుప్ప పోస్తాము. ఆ గదిలో ల్యాప్‌టాప్ నడిపితే సాంచెల పక్కన నడిపినట్టే. పత్తి లేని గదిలో, గట్టి బల్ల మీద పెట్టి వాడమని చెప్పండి. ఇదే జాగ్రత్త సిరిసిల్లలోని సాంచెల ఇళ్లకూ వర్తిస్తుంది.

ఏ ఇంటికి ఏది?

చదువుకు మాత్రమే వాడే సన్నని ల్యాప్‌టాప్: అడుగు తెరిచి ఉన్న వాలు స్టాండ్. డబ్బు లేకపోతే రెండు చెక్క ముక్కలు.

ఏడాదికి పైబడి, గాలి నీరసంగా వచ్చే ల్యాప్‌టాప్: ముందు శుభ్రం, తరువాత స్టాండ్.

బరువైన పనులు చేసే పెద్ద ల్యాప్‌టాప్: బల్ల మీద, దోమతెర గుడ్డ కట్టిన, పైకి ఊదే ప్యాడ్.

బ్యాటరీ ఉబ్బినది, ఫ్యాన్ ఆగినది: ఏదీ కొనవద్దు. నేరుగా సర్వీసు కేంద్రం.

తండ్రి రాత్రి పాళీలు చేసి కొన్న యంత్రం పిల్లవాడి చదువు పూర్తయ్యే వరకు నిలవాలి. అందుకు ఖరీదైన ప్యాడ్ కన్నా నెలకొకసారి పట్టే బ్రష్, గాలి దారి మీద ఉంచే ఒక కన్ను ఎక్కువగా తోడ్పడతాయి.